ఎలుకల కుల్ఫీ

రా, వచ్చి చూడు, చూసినంత మాత్రాన కొనమని ఎవరన్నారు, అని మల్లప్ప లోలోపలే పిలుస్తున్నాడు, పెదవి కదపకుండా, మెడ తిప్పకుండా, కొట్టు ముందు నుంచి ముఖం తిప్పుకుని పోయే గిరాకీని ఇన్నేళ్లుగా పిలిచినట్టే. కేకేసి పిలిస్తే గిరాకీ బెదురుతాడు, అసలు పిలవకపోతే పక్క కొట్టుకు పోతాడు, రెంటికీ నడుమ ఒక చూపుంటుంది, ఆ చూపుతోనే అతను నకిరేకల్‌లో మిరపకాయల వ్యాపారం నిలబెట్టాడు. ఇప్పుడు ఆ చూపంతా ఒక పాముపిల్ల మీద పెట్టి గోదాం వెనకగదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పక్కకు ఒరగబెట్టిన చెక్కపెట్టె, పెట్టెలో ఇసుక, ఇసుక మీద పగిలిన కుండ పెంకు, పెంకు కింద చుట్ట చుట్టుకుని మోకు. తాళ్లెక్కే గౌండ్లాయన భుజాన వేసుకునే మోకుతాడు లాగే చుట్టుకుంటుందని ఆ పేరు పెట్టాడు. కొండచిలువ పిల్ల, ఇంకా ఏడాది నిండలేదు. మల్లప్ప కుడిచేతి వేళ్ల సందున తోక చిక్కి వేలాడుతున్నది ఒక ఎలుక, చచ్చిన ఎలుక, పొద్దుటి దాకా రాయిలా గడ్డకట్టి ఉండి, ఇప్పుడు వైశాఖపు ఎండకు మెత్తబడి వెచ్చబడ్డ ఎలుక. ఇది తింటే మోకు ఇక్కడ ఉంటుంది. తినకపోతే జానయ్య లారీలో పోతుంది.

జానయ్య ఊరి చివర బొగ్గు బస్తాలు దించుతున్నాడు. లారీ ఖాళీ కాగానే హారన్ కొట్టుకుంటూ వస్తాడు, మూత ఉన్న గంప తెస్తాడు, మోకును అందులో వేసుకుని అమ్రాబాద్ అడవి అంచున, తెచ్చిన చోటనే, వదిలేస్తాడు. మాట అయిపోయింది. అడిగింది పెళ్లాం లక్ష్మీనర్సమ్మ, ఒప్పుకున్నది మల్లప్ప, ఒప్పుకోక ఏం చేస్తాడు, ఆమె అడిగిన తీరులో ఎక్కడా తరుగు తీయడానికి సందు లేదు. “నీ సుట్టం ఉంటే ఉండనియ్, నేనేం వద్దంటలేను. గని నా ఇంట్ల ఒక ప్రాణం ఆకలితోని పోవద్దు. జానయ్య మళ్ల వచ్చేదాంక చూస్త. అప్పటికి తినకుంటే తోలియ్,” అన్నది. న్యాయమైన బేరమే. కానీ అడవికి పంపడమంటే ఏమిటో మల్లప్పకు తెలుసు, ఆమెకు చెప్పలేదు గానీ తెలుసు. ఎడమ కన్ను తెల్లబడ్డ పాము, బొద్దింక కదిలినా పెంకు కిందికి దూరే పాము, ఆ అడవిలో వేటాడి బతకదు. అక్కడ వదలడమంటే కళ్లముందు చావకుండా కళ్లవెనక చావనివ్వడం, అంతే తేడా.

ఆ కన్ను పోయింది అతని లెక్క వల్లనే. దసరాకు ముందు వెదురు కట్టల్లో దొరికిందని జానయ్య తెచ్చి ఇచ్చినప్పుడు అది మూరెడు మీద కొంచెం, చూపుడు వేలంత లావు. “సేటూ, గోదాంల ఎలుకలు సతాయిస్తున్నయంటివి గద, నౌకరును తెచ్చిన. జీతం వద్దంట, తిండి పెడితే సాలంట,” అని వాడు నవ్వాడు. మల్లప్ప కూడా అట్లాగే అనుకుని తీసుకున్నాడు, పెరిగాక గోదాంలో తిరుగుతుంది, బోనుల ఖర్చు తప్పుతుంది, ఉట్టిగా వస్తున్న సరుకును ఎందుకు కాదనాలి అని. తర్వాత తర్వాత సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి ఆ పెట్టె ముందు కూర్చోవడం అలవాటైంది, ఎందుకు కూర్చుంటున్నాడో తనకే తెలియదు, అది అబద్ధమాడదు, పొగడదు, తడిసిన కాయలు నడుమ పెట్టి పైన మంచి కాయలు పేర్చదు, ఆకలైతే తింటుంది, లేకపోతే పడుకుంటుంది, రోజంతా మనుషులతో బేరమాడిన వాడికి అంతకన్నా నెమ్మది ఏముంటుంది. గోదాం బోనుల్లో పడ్డ చుంచులను చెయ్యి పెట్టకుండా బోను నుంచే, బతికుండగానే పెట్టెలో దులిపేవాడు. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇంట్లో ఆ కిచకిచలు వంటగది దాకా వినిపించేవి, లక్ష్మీనర్సమ్మ చెవుల మీద కొంగు వేసుకునేది. ఉగాది ముందు కాయలు చూడటానికి మోత్కూరు పోతూ, పెద్దది వేస్తే ఎక్కువ రోజులు ఆగుతుంది కదా అని ఒక పందికొక్కు పిల్లను వేసి పోయాడు. తిరిగొచ్చేసరికి పందికొక్కు పెట్టెలో దర్జాగా మీసాలు దువ్వుకుంటోంది, మోకు మూలన పడి ఉంది, కన్ను మీద నెత్తురు. బతికిన సరుకుకు పళ్లుంటాయన్న సంగతి లెక్కలో వేసుకోలేదు. పాముల పేరెత్తితే మండిపడే లక్ష్మీనర్సమ్మే పావురం ఈకతో వేపనూనె, పసుపు అద్ది పుండు మాన్పింది. పుండు మానింది గానీ లోపలి బెదురు మానలేదు. అప్పటి నుంచి బతికిన చుంచును చూపిస్తే చాలు, పెంకు కింద తల దాచుకుంటుంది.

అయితే చచ్చినది పెడదామనుకున్నాడు. అక్కడే ఇంకొక చిక్కు. బస్తాలు కదిపి ఎత్తి పేర్చిన రోజు బోనుల నిండా ఎలుకలు, తర్వాత పక్షం దాకా ఒక్కటి పడదు, పడ్డది చస్తే ఈ ఎండలకు పూట తిరక్కుండా కుళ్లుతుంది. రాత్రి పడుకుని ఇదే తిప్పి తిప్పి చూసుకున్నాడు, చూసుకుంటే ఇదేం కొత్త సంగతి కాదు, మిరపకాయల సంగతే ఇది, వచ్చినప్పుడు నిలవ చెయ్యాలి, లేనప్పుడు తియ్యాలి, వ్యాపారమంటే ఇంతకు మించి ఏముంది. మర్నాడు బస్సులు ఆగే చోట కుల్ఫీ అమ్మే హమీద్ బండి దగ్గర నిలబడి, కుల్ఫీ తినకుండా, డబ్బా కేసే చూశాడు. పట్నం నుంచి బస్సు మీద గోనెలో చుట్టుకుని వచ్చే ఐసుగడ్డ అందరికీ ఒక్కటే, షర్బతులో వేస్తే కరిగిపోతుంది, మరి హమీద్ డబ్బాల్లో పాలు ఎట్లా గడ్డకడుతున్నాయి. “ఉట్టి బరఫ్ తోని ఏంగాదు సేటూ. పలగ్గొట్టి ఉప్పు కలుపాలె. గప్పుడు సూడు, డబ్బల పాలు రాయైతయి,” అన్నాడు హమీద్. ఎంత ఉప్పు, ఎంతసేపు, పెట్టెకు రంపపు పొట్టు మేలా, ఊక మేలా, అన్నీ చెప్పాక అడిగాడు, “ఇంతకు ఏం పెడ్తవ్ గండ్ల?” “ఎలుకలు,” అన్నాడు మల్లప్ప. హమీద్ రెండు చెంపలూ వాయించుకున్నాడు. “తోబా తోబా! నెమ్మదిగ అను సేటూ! బజార్ల గీ మాట వింటే నా కుల్ఫీ ఎవడు నాకుతడు?” అని, తుప్పు పట్టి పక్కన పడేసిన డబ్బాలు గోనెలో మూటగట్టి ఇచ్చి, అవి తన డబ్బాలని ప్రాణం పోయినా చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

ఒట్టు మల్లప్ప నిలబెట్టాడు, అయినా మాట ఆగుతుందా, వారం తిరిగేసరికి కాంటా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ అడిగేవాడే. “మలాయ్ ఏసినవా సేటూ, బాదం ఏసినవా?” అని ఒకడు, “మా ఇంటికాడ గూడ శాన పడ్డయి, పట్టుకొస్తే మంచి రేటు కడ్తవా?” అని ఇంకొకడు. మల్లప్ప వాళ్లతో పాటే నవ్వాడు, నవ్వుతూనే కాయలు తూచాడు, నవ్వే గిరాకీ తరుగు దగ్గర గట్టిగా పట్టుబట్టడు. కానీ రాత్రి, డబ్బాలు దాచిన పాత చాయ్‌పత్త పెట్టె మూత తీసి, ఊక పక్కకు తోసి, ఉప్పు ఐసు నడుమ బిగుసుకుపోయిన డబ్బాలు తడిమి చూసుకున్నప్పుడు, నవ్వనీ, గడ్డ కట్టింది కదా, ఈ ఎండలో, ఈ నకిరేకల్‌లో నేను గడ్డ కట్టించాను కదా అనుకున్నాడు. సరుకు నిలిచింది. కొనేవాడే కొనడం లేదు. మొదట రాయిలా ఉన్నదాన్ని పెట్టెలో పడేశాడు, మోకు అటు తిరిగి పడుకుంది. మెత్తబడ్డాక పెట్టాడు, చల్లగా ఉంది, బతికిన ఒళ్లేదీ అంత చల్లగా ఉండదని తట్టింది. వెచ్చ చేసి పెట్టి, దూరం పోయి కూర్చుని, కొట్లో గిరాకీ ఉందని లేచిపోయి, తిరిగి వచ్చేసరికి ఎలుక చుట్టూ చీమలు. అట్లా ఎన్నిసార్లో. ఈ పూట మాత్రం కొట్టు మూసేశాడు, మిరప సీజన్‌లో, పట్టపగలు, కాయల బండ్లు వాకిట్లో నిలబడి ఉండగా. డబ్బాలో ఆఖరిది ఇదే. లేచేది లేదు.

పెంకు కింద కదలిక. మల్లప్ప ఊపిరి బిగబట్టాడు. మొదట మూతి, తర్వాత మంచి కన్ను ఉన్న పక్క, తర్వాత మెడ, ఇసుక మీద గీత గీసుకుంటూ మోకు బయటికి వస్తోంది. నాలుక ఆడుతోంది. వచ్చింది, ఎలుక దాకా వచ్చింది, ఎలుక మీసాల దగ్గర నాలుక ఆడించింది, చూడు, బాగా చూడు, మంచి కాయ, తొడిమ ఊడలేదు, మచ్చ లేదు, చేతిలోకి తీసుకుని చూడు. నాలుక ఎలుక వీపు మీదుగా పైకి వచ్చింది, తోక దాకా, తోక పట్టిన వేళ్ల దాకా. అంతే, చెంపదెబ్బ తిన్నట్టు తల వెనక్కి లాక్కుంది. మూతిని ఇసుకలో ఈ పక్కా ఆ పక్కా రుద్దుకుంది, మళ్లీ రుద్దుకుంది, పెంకు కిందికి పోయి అక్కడా రుద్దుకుంది.

ఇన్నాళ్లూ పెట్టి లేచిపోయేవాడు కాబట్టి ఇది చూడలేదు. మూతి రుద్దుకోవడం. ఇది తను ఎక్కడో చూశాడు, పాము దగ్గర కాదు, ఇంకెక్కడో, బిడ్డ నర్సింగమ్మ నెలల పిల్లగా ఉన్నప్పుడు, కల్లం నుంచి వస్తూ వస్తూనే వేలికి బెల్లం రాసి నాకించబోయాడు, ముద్దుగా నోరు తెరిచిన పిల్ల గుక్కపట్టి ఏడ్చి, తల్లి భుజం మీద మూతిని ఇట్లాగే, ఈ పక్కా ఆ పక్కా, ఇట్లాగే రుద్దుకుంది. ఆ చేతులు ఇటు తేకు అని లక్ష్మీనర్సమ్మ కేకలేసింది. దానికి ముందు పెళ్లిలో బువ్వపుబంతి, విస్తరి ముందు కూర్చోబెట్టి ఒకరికొకరు ముద్ద పెట్టుకోమన్నారు, అప్పుడూ మిరప సీజనే, పెళ్లి ముందు రోజు దాకా కాయలు ఏరి వచ్చాడు, అతను ముద్ద పెట్టగానే పెళ్లికూతురు కళ్లవెంట బొటబొటా నీళ్లు, తల్లిగారింటిని తలుచుకుని ఏడుస్తోందని ముత్తైదువలు వీపు నిమిరారు, ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పింది ఆమె, తల్లిగారి ఇల్లు కాదు పాడు కాదు, నాలుక మండి అని. ఇంటి ఆవుకు కుడితి పెడితే ముట్టదు. పండుగకు బూరెలు చేసేటప్పుడు నువ్వు దూరముండు అంటారు. ఈ చేతులతో తూచింది ఊరూరా వండుకు తిన్నారు గానీ, ఈ చేతుల నుంచి నేరుగా నోట్లో పెట్టించుకున్న ప్రాణి ఒక్కటీ లేదు. ఒక్కటీ లేదు. మల్లప్ప వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏ వాసనా రాలేదు. ఎట్లా వస్తుంది, ఆ ముక్కూ మిరపకాయల సేటుదే కదా. చచ్చిన ఎలుక అని కాదు. చల్లగా ఉందని కాదు. సరుకులో మచ్చ లేదు, పట్టిన చేతిలో ఉంది.

“నర్సమ్మా! ఓ నర్సమ్మా! జర ఇటు రా. నా చేతులు వాసన సూడు.”

ఆమె గుమ్మంలో నిలబడింది. “సూసుడేంది, గీడికే కొడ్తాంది.”

“ఎప్పటిసంది?”

“పెండ్లైనప్పటిసంది.”

“మరి పాము అందుకే తింటలేదని చెప్పకపోతివి?”

“నీ చేతులు మిరపకాయల వాసన రాక మల్లెపూల వాసనొస్తయా? గిది గూడ ఒకలు చెప్పాల్నా నీకు!” అన్నది గానీ అప్పటికే లోపలికి తిరిగింది. పల్లినూనె గిన్నె, తవుడు, మజ్జిగ చెంబు, వేడినీళ్లు, అన్నీ వచ్చాయి. నూనె పోసి రుద్దింది, గోళ్ల సందుల్లో పుల్ల పెట్టి తీసింది, తవుడుతో తోమింది, మజ్జిగతో కడిగింది, మళ్లీ మొదటి నుంచి. బిడ్డను ఎత్తుకోవాలంటే ఇట్లాగే కడిగేది, బిడ్డ పెద్దదైంది, అత్తగారింటికి పోయింది, ఈ చేతులను ఇంకొకరు కడగక ఎన్నేళ్లయిందో. అప్పుడే ఊరి చివర నుంచి హారన్ మోగింది. జానయ్య బయలుదేరాడు. మల్లప్ప ఎలుక కోసం చెయ్యి చాపాడు, ఆమె ఆ చెయ్యిని పక్కకు కొట్టింది. “ఆగు. అది గూడ నీ చేతుల పడ్డదే గద. నీ చేతులు కడిగితే దాని ఒళ్లు కడిగినట్టైతదా?”

మల్లప్ప నోరు తెరిచి చూశాడు. ఇంత లెక్కా తను వేసి, ఈ ముక్క దగ్గర తప్పాడు, ఆమె పట్టుకుంది. కడగాలి సరే, కడిగేదెవరు, గుడ్డు ముట్టని మనిషి. లక్ష్మీనర్సమ్మ కొంగు నడుముకు దోపింది. “గట్ల సూడకు. బతికినదాన్ని సంపుడు పాపం గని, సచ్చినదానికి తానం పోసుడు పాపమెట్లైతది? ఏ ఇంట్లనైనా పోసేదే,” అని ఎలుకను కొబ్బరిచిప్పలోకి తీసుకుని, వేడినీళ్లు పోసి, తవుడు అద్ది, చెవుల వెనక కూడా రుద్దింది. “నలుగు గూడ పెట్టనా నీ సుట్టంగాని పెండ్లి విందుకు?” అన్నది, ముఖం అటు తిప్పుకుని, నవ్వుతోందో కంపరపడుతోందో తెలియకుండా. హారన్ మళ్లీ మోగింది, ఈసారి మార్కెట్ మూల మీద.

భుజం మీది తువాలు తీయబోయి ఆగాడు, దానికీ అదే ఘాటు. ఆమె దండెం మీది పాత చీర ముక్క ఇచ్చింది. దాన్ని చేతి మీద కప్పుకున్నాడు. కప్పుకోగానే చేతికి చిన్నప్పటి అంగడి గుర్తొచ్చింది, తండ్రి వెంట ఎడ్ల అంగడికి పోయినప్పుడు, బాపు తువాలు కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని బేరం చేసేవాడు, ముఖాలు ఆకాశం కేసి, మాటలు వానల గురించి, అసలు బేరమంతా గుడ్డ కింద వేళ్లతో, ఒక నొక్కు, ఒక విడుపు, ఒక ఆగడం. ఎక్కడ ఆగాలో తెలిసినవాడిదే ఎద్దు అనేవాడు బాపు. గుడ్డ కింద చెయ్యి కనబడదు. అంచున ఎలుక ఒక్కటే కనబడుతుంది. మల్లప్ప దాన్ని ఇసుక మీద కదిపాడు, ఎలుకలు ఎట్లా నడుస్తాయో ఎలుకలతో పోరాడినవాడికి కాక ఎవడికి తెలుసు, గోడ వారగా పరుగు, ఆగడం, ముక్కెత్తడం, మళ్లీ చిన్న పరుగు, ఆగడం. పరుగు. ఆగడం. పెంకు కింద నుంచి నాలుక. నేను లేను, నేను ఎక్కడా లేను, ఇక్కడ ఎలుక ఉంది, వెచ్చటి ఎలుక, పళ్లు లేని ఎలుక, నిన్నేమీ చెయ్యదు, కన్ను పోగొట్టినవాడే పెడుతున్నాడు, తీసుకో. మూతి వచ్చింది. మెడ వచ్చింది. నాలుక ఎలుక మీసాలను తాకింది, వీపు మీదుగా పాకింది, చీర ముక్క దాకా వచ్చింది, గుడ్డ సందులోంచి వేలి కొస దాకా వచ్చింది, ఆడింది, ఆడింది, వెనక్కి పోలేదు. మెడ ఎస్ లాగా ముడుచుకుంది. బేరం ఆగే చోటు ఇదే. మల్లప్ప వేలు ఆపాడు.

ఏమైందో కన్ను చూడలేదు, చెయ్యి చూసింది. గుంజుకుపోయిన బరువు, వేళ్ల నుంచి తోక జారిన జారుడు, ఆ తర్వాత ఇసుకలో ఒక ముడి, ముడి మీద ముడి, మోకు తన పేరు నిలబెట్టుకుంటూ ఎలుక చుట్టూ బిగుసుకుంటోంది, చంపుతోంది, ఎన్నడో చచ్చినదాన్ని, గడ్డకట్టి కరిగి స్నానం చేసి వచ్చినదాన్ని కొత్తగా చంపుతోంది, ఒళ్లంతా నరాలు తేలి. చంపురా, చంపు, నీదే, నువ్వు వేటాడిందే, ఎవడు కాదంటాడు! ఆ బిగింపులో బెదురు ఎక్కడుంది, పందికొక్కు ఎక్కడుంది? మల్లప్పకు లేచి గంతులేయాలని ఉంది, కొట్టు తలుపులు బార్లా తీసి బజారంతా వినబడేటట్టు అరవాలని ఉంది, మలాయ్ ఏసినవా అన్నవాణ్ని, రేటు కడ్తవా అన్నవాణ్ని పిలిచి చూపించాలని ఉంది, హమీద్‌ను బండితో సహా ఎత్తుకు రావాలని ఉంది, వాకిట్లో నిలిచిన కాయలన్నీ తరుగు తీయకుండా కొనేయాలని ఉంది. కానీ కదిలితే మోకు వదిలేస్తుంది. కదలకూడదు, అరవకూడదు, ఊపిరి కూడా పొదుపుగా పీల్చాలి. ఇంత లాభం చేతికొచ్చి, చేతులు కట్టుకుని కూర్చోవాల్సి రావడం అతని జన్మలో ఇదే మొదలు, భుజాలు వాటంతట అవే ఊగుతున్నాయి, కళ్లల్లో నీళ్లు, ఈ నీళ్లు మిరపకాయలవి కావు. ఆ పక్కన లక్ష్మీనర్సమ్మ ఎప్పుడు కూర్చుందో, కొంగు నోట్లో కుక్కుకుని, తవుడు అంటిన చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని ఉంది. చుట్టలు వదులయ్యాయి. మోకు ఎలుక తలను వెతుక్కుంది, దొరికింది, ముక్కు నుంచి మొదలుపెట్టింది.

“సేటూ! బొగ్గులు దిగినయి! గంప తెచ్చిన, ఏసుకపోనా నౌకర్ని?” అని జానయ్య గొంతు గోదాం దాటి గడప మీదికి వచ్చింది, వెనకే జానయ్య వచ్చాడు.

మొగుడూ పెళ్లామూ ఒక్కసారే తల తిప్పి, ఒక్కసారే పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

జానయ్య ఖాళీ గంపను చప్పుడు కాకుండా గడప మీద దించాడు. బయట లారీ ఇంజను దడదడలాడుతోంది. మోకు మూతి దగ్గర ఎలుక తోక ఇంకా కొంచెం బయటికి ఉంది. కాసేపటికి అదీ లేదు.